థర్మామీటర్ 98 చూపిస్తే రికార్డులో 100 రాయించాలా?

ఉప్పల్ నుంచి ఒక సైన్స్ టీచర్ రాశారు. ప్రైవేట్ స్కూల్లో 7, 8, 9 తరగతులకి చెప్తారు. సెక్షన్‌కి 46 మంది, పీరియడ్ 40 నిమిషాలు, ల్యాబ్ అంటే ఒక గది, అందులో తాళం వేసిన ఒక బీరువా. ట్రైనింగ్‌లో ఎంక్వైరీ మెథడ్ గురించి, అంటే పిల్లలే ప్రశ్న పట్టుకుని చేసి చూసి తెలుసుకునే పద్ధతి గురించి విని ఉత్సాహంగా మొదలుపెట్టారట. సామాను ఇచ్చి "మీకు తోచినట్టు చేసి చూడండి" అంటే క్లాసంతా గోల, బెల్ కొట్టేసరికి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, పక్క క్లాస్ మేడమ్ కంప్లైంట్ చేశారు, సిలబస్ వెనకబడిందని ప్రిన్సిపాల్ గారు పిలిపించారు, పేరెంట్స్ ఏమో నోట్స్ అడుగుతారట. ఇంకోరోజు నీళ్ళు మరిగించే కృత్యం చేయిస్తే థర్మామీటర్ 98 దగ్గరే ఆగిపోయింది, పిల్లలు ఎందుకని అడిగితే "థర్మామీటర్ పాతది, రికార్డులో 100 రాసుకోండి" అనేశారు, అప్పట్నుంచి మనసులో అదే తిరుగుతోందట. చివర్లో అడిగింది ఇది: "మేడమ్, మా లాంటి స్కూళ్ళలో ఇది అయ్యే పనేనా, లేకపోతే నేనే చేసి చూపించి నోట్స్ చెప్పేయడం మేలా? పిల్లలు నాకు తెలియనిది అడిగితే ఏం చేయాలి?"

అమ్మా, అయ్యే పనే. మీరు మొదటిరోజే మొత్తం పిల్లల చేతికి వదిలేశారు, దాంతో చిక్కొచ్చింది, అది సర్దుకోవచ్చు, ఎట్లాగో కింద చెప్తాను. కానీ ముందు ఆ 98 సంగతి మాట్లాడాలి, ఎందుకంటే కూర్చుని వెతికినా అంత మంచి ప్రశ్న దొరకదు, అది తనంతట తానే మీ క్లాసులోకి నడిచొచ్చింది.

మీ థర్మామీటర్ బాగానే ఉండుంటుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, సుమారుగా 540 అంటారు. పైకి పోయేకొద్దీ మన మీదుండే గాలి తగ్గుతుంది, దాంతోపాటే పీడనం తగ్గుతుంది. నీళ్ళ ఆవిరి పీడనం బయటి గాలి పీడనంతో సమానమైనప్పుడే కదా నీళ్ళు మరిగేది, బయటిది తక్కువైతే ఆ సమానం అవడం కాస్త ముందే జరిగిపోతుంది. ఎత్తు 300 మీటర్లు పెరిగితే మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుందని లెక్క పెట్టుకోండి, అంటే మన ఊళ్ళో 98 చిల్లర రావాలి, మీ పిల్లలకి వచ్చింది అదే. పుస్తకంలో 100 అన్నదీ నిజమే, అది సముద్ర మట్టం దగ్గరుండే పీడనానికి చెప్పింది. ఆ షరతు మనం క్లాసులో చెప్పకుండా దాటేస్తాం, పిల్లలు 100 ఒక్కటీ బట్టీ కొట్టేస్తారు.

ఇప్పుడు ఇదంతా నేను మీకు చెప్పినట్టు మీరు పిల్లలకి చెప్పేయకండి. వచ్చే వారం ఒక పీరియడ్ తీసుకుని, "ఆరోజు 98 వచ్చింది, నేను థర్మామీటర్ మీద తోసేశాను, నిజంగా తప్పు దానిదేనా అని ఎట్లా తేల్చుకుందాం?" అని అడగండి. అడిగాక కాసేపు ఊరుకోండి, మనకి అదే కష్టం, మూడు సెకన్లు కాకముందే మనమే జవాబు చెప్పేస్తాం. ఎవడో ఒకడు వేరే థర్మామీటర్ పెడదాం అంటాడు. ఇంకొకరు మంట పెంచితే 100 కి పోతుందేమో అంటారు. నీళ్ళు ఎక్కువ పోస్తే, బోరు నీళ్ళకి బదులు ఫిల్టర్ నీళ్ళు పోస్తే, గిన్నె మారిస్తే... అన్నీ బోర్డు మీద రాయండి, ఏదీ కొట్టేయకండి. ఎవరూ అనకపోతే మీరు ఒక్కటి మాత్రం కలపండి, "కరిగే ఐసు ముక్కల్లో పెడితే ఎంత చూపించాలి?" అని. దంచిన ఐసు, కొంచెం నీళ్ళు కలిపిన దాంట్లో అది 0 దగ్గర నిలబడితే కనీసం ఆ కొస దగ్గర అబద్ధం చెప్పట్లేదని పిల్లలకే తెలుస్తుంది. మంట పెంచితే బుడగలు పెరుగుతాయి, రీడింగ్ మాత్రం కదలదు, అది చూసి వాళ్ళు పడే ఆశ్చర్యం మీరు మాటల్లో ఎంత చెప్పినా రాదు. థర్మామీటర్ బల్బు గిన్నె అడుగుకి తగలకుండా చూడండి, తగిలిందంటే రీడింగ్ ఎక్కువొచ్చేస్తుంది, చదివినవాళ్ళు మాకు 100 వచ్చిందని చంకలు గుద్దుకుంటారు.

ఒక్కోటీ కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలేది "మరి ఊరే కారణమా?" అన్న అనుమానం. అప్పుడు అడగండి, మీ చుట్టాలు వైజాగ్‌లోనో కాకినాడలోనో ఎవరైనా టీచర్లున్నారా అని. 46 మందిలో ఒకరికైనా ఉంటారు. ఫోన్ చేసి వాళ్ళ స్కూల్లో నీళ్ళు మరిగించి రీడింగ్ చెప్పమనండి. అది 100 కి దగ్గరగా వచ్చిందంటే అప్పుడు మీరు పీడనం పాఠం మొదలుపెట్టండి, ఆ రోజు మీ మాట వినని పిల్లవాడు ఉండడు. ఎవరెస్ట్ మీద 70 దగ్గరే మరుగుతాయని, ఇంట్లో కుక్కర్‌లో దానికి ఉల్టా, మూత బిగించి పీడనం పెంచితే 120 దాకా పోతుందని, అందుకే పప్పు తొందరగా ఉడుకుతుందని చెప్పండి. ఇక రికార్డులో 98 రాయించండి, పక్కన "హైదరాబాద్" అని రాయించండి.

ఈ ప్రయోగంలో స్పిరిట్ ల్యాంప్ ఒక్కటే, మీ టేబుల్ మీదే, మీ చేతిలోనే ఉండాలి. రీడింగ్ చదవడానికి మాత్రం పిల్లలు వంతులవారీగా వస్తారు. మరిగే నీళ్ళతో, యాసిడ్లతో 46 మందిని గ్రూపులు చేయడం నేను ఒప్పుకోను. ఎంక్వైరీ అంటే ప్రతిదీ పిల్లల చేత్తోనే జరగాలని లేదు, ఆలోచన వాళ్ళదైతే చాలు.

ఇప్పుడు మీ గోల క్లాసు సంగతి. 2008లో బాంచీ, బెల్ అనే ఇద్దరు విద్యా పరిశోధకులు ఈ ఎంక్వైరీని నాలుగు మెట్లుగా విడదీసి రాశారు, టీచర్లకి బాగా పనికొస్తుంది. మొదటి మెట్టులో ప్రశ్న, పద్ధతి, జవాబు మూడూ ముందే తెలుసు, చేసి సరిచూసుకోవడమే, మన ల్యాబ్ రికార్డులన్నీ ఇవే. రెండో మెట్టులో ప్రశ్న, పద్ధతి మనమే ఇస్తాం, జవాబు మాత్రం చెప్పం. మూడోదాంట్లో ప్రశ్న ఒక్కటే ఇస్తాం, ఎట్లా చేయాలో వాళ్ళే తేల్చుకోవాలి. నాలుగోదాంట్లో ప్రశ్న కూడా వాళ్ళదే. మీరు పిల్లల్ని మొదటి మెట్టు మీంచి తీసుకెళ్ళి నాలుగో మెట్టు మీద నిలబెట్టారు, అదీ 40 నిమిషాల్లో, పడిపోరా మరి. ఈ ఏడాదికి రెండో మెట్టు చాలు, పాఠ్యపుస్తకంలో ఉన్న కృత్యమే తీసుకోండి, కొత్తది వెతకొద్దు. పాఠం చదవకముందే చేయించండి, ఏం వస్తుందో చెప్పకండి, ఏం వస్తుందనుకుంటున్నారో మాత్రం ముందుగా నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయించండి. మార్చేది ఇంతే, కానీ ఇంత చిన్న మార్పుకే క్లాసు తీరు మారిపోతుంది. రెండో టర్మ్‌లో ఒకట్రెండు కృత్యాలు మూడో మెట్టుకి తీసుకెళ్ళొచ్చు.

మొదటి కృత్యంగా లఘులోలకం పెట్టుకోండి. దారం, సైకిల్ షాపులో దొరికే నట్లు, స్కేలు, టైం చూడ్డానికి మీ ఫోను, ఖర్చు దాదాపు లేదు, కాలేది పగిలేది ఏమీ లేదు. దారానికి ఒక నట్ కట్టి ఊపి చూపించి "ఇది జల్దీ జల్దీ ఊగాలంటే ఏం చేయాలి?" అని అడగండి. ఎక్కడ అడిగినా దాదాపు మూడు జవాబులే వస్తాయి, "బరువు పెంచాలె టీచర్", "గట్టిగ నెట్టాలె", "దారం పొట్టిగ చేయాలె". చేతులెత్తించి లెక్క బోర్డు మీద వేయండి, బరువుకే ఎక్కువ ఓట్లు పడతాయి. ఆరుగురు ఏడుగురు చొప్పున గ్రూపులు చేసి ఒక్కో గ్రూపుకి ఒక్కటే ఇవ్వండి. బరువు గ్రూపు బరువు ఒక్కటే మార్చాలి, దారం పొడవు, వదిలే దూరం మారకూడదు, ఈ ఒక్క రూలు బోర్డు మీద పెద్దగా రాసి పెట్టండి. పది ఊపులకి (అటు పోయి తిరిగి మొదటి చోటికి వస్తే ఒక ఊపు) ఎన్ని సెకన్లో చూసి రాయాలి, మూడుసార్లు చేయాలి.

రెండు చోట్ల చిక్కొస్తుంది, ముందే చెప్తున్నాను. ఒకటి, నట్ వదిలేటప్పుడే పిల్లలు "ఒకటి" అని లెక్క మొదలుపెడతారు, అప్పుడు పది అనేసరికి నిజానికి తొమ్మిది ఊపులే అవుతాయి. వదిలేటప్పుడు "సున్నా" అనాలి. దాన్ని కూడా చెప్పేయకండి, ఒక గ్రూపుకి 9, అదే పొడవుతో ఇంకో గ్రూపుకి 10 సెకన్లు వచ్చినప్పుడు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి లెక్కపెట్టమనండి, వాళ్ళే పట్టుకుంటారు. రెండోది ఇంకా మంచిది. బరువు గ్రూపు ఒక నట్ కింద ఇంకో నట్, దాని కింద ఇంకోటి గొలుసులా వేలాడదీస్తుంది, టైం పెరుగుతుంది, "బరువు పెంచితే మెల్లగ ఊగుతుంది" అని ప్రకటించేస్తారు. నిజానికి అక్కడ బరువుతోపాటు పొడవు కూడా పెరిగింది, ఎందుకంటే పొడవు కొలిచేది బరువు మధ్య వరకు. మీరు ఏమీ అనకుండా "మీ బరువు మధ్య భాగం ఇప్పుడెక్కడుంది, ఇందాక ఎక్కడుంది?" అని అడిగి వచ్చేయండి, నట్లన్నీ ఒకేచోట కట్టి మళ్ళీ చేస్తారు, టైం మారదు. ఒక్కసారి ఇట్లా జరిగిన పిల్లలకి "ఒక్కటే మార్చాలి" అనే మాట మళ్ళీ ఇంకోసారి చెప్పక్కర్లేదు, వేరే ప్రయోగాల్లో కూడా వాళ్ళే పక్క గ్రూపుని పట్టుకుంటారు.

అంకెలు మీ దగ్గర పెట్టుకోండి. 25 సెంటీమీటర్ల దారానికి పది ఊపులకి దాదాపు 10 సెకన్లు, 50 కి 14 పైచిలుకు, మీటరు దారానికి 20 సెకన్లు. పొడవు రెట్టింపైతే టైం రెట్టింపు కాదు, నాలుగు రెట్లయితే రెట్టింపు అవుతుంది. 9వ తరగతి వాళ్ళకి ఈ అంకెలిచ్చి గ్రాఫ్ గీయిస్తే గీత వంగుతుంది, ఎందుకు వంగిందని వాళ్ళే అడుగుతారు. గట్టిగా నెట్టే గ్రూపుకి మరీ దూరం నుంచి వదిలితే టైం కొంచెం పెరుగుతుంది, చిన్న కోణంలో ఉన్నంతవరకు తేడా కనపడదు, కాబట్టి కోణం చిన్నదిగా ఉంచమని చెప్పండి.

ఆరోజు బరువు గ్రూపు పిల్లలు మొహాలు వేలాడేసుకుని "మాది ఫెయిలైంది టీచర్, ఏం మారలే" అంటారు. ఇక్కడ మీరు ఆగి మాట్లాడాలి. ఏం మారలేదన్నదే వాళ్ళు కనిపెట్టింది. మన ఊరి కథే చెప్పండి, సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే డాక్టర్ దోమల్ని కోసి కోసి మైక్రోస్కోప్ కింద చూశాడు, మామూలు దోమల్లో మలేరియా క్రిమి దొరకనే లేదు, ఆ దొరకకపోవడం వల్లే వేరే రకం దోమ వైపు తిరిగాడు, 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ కడుపులో దాన్ని చూశాడు. ఆయన పనిచేసిన బిల్డింగ్ బేగంపేటలో ఇప్పటికీ ఉంది, మెట్రోలో పోయి చూడగలిగేంత దూరం, మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు చెప్పండి.

ఇంకో కృత్యం మన ఊరికి భలే కుదురుతుంది, నీళ్ళ కఠినత్వం. ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక చిన్న సీసాలో నీళ్ళు తేవాలి, కొందరిది నల్లా, కొందరిది బోరు, కొందరిది ట్యాంకర్, అపార్ట్‌మెంట్ పిల్లలకి అన్నీ కలిసినవి. సబ్బు ముక్క గోరువెచ్చని నీళ్ళలో కరిగించి పెట్టుకోండి, అందరూ ఒకే కొలత నీళ్ళు తీసుకుని ఒక్కో చుక్క సబ్బు నీళ్ళు వేసి మూతపెట్టి ఊపాలి, నురగ నిలబడటానికి ఎన్ని చుక్కలు పట్టాయో రాయాలి. బోరు నీళ్ళకి చుక్కలు ఎక్కువ పడతాయి, కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి కాబట్టి. షాంపూ, డిటర్జెంట్ వాడొద్దు, అవి కఠిన జలంలో కూడా నురగిస్తాయి, ప్రయోగం పాడవుతుంది. బోరు నీళ్ళు మీరు మరిగించి చల్లార్చి మళ్ళీ ఇవ్వండి, చుక్కలు తగ్గితే ఎందుకు తగ్గాయని, ఇంట్లో గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేది ఏమిటని వాళ్ళని కలపనివ్వండి. ఉప్పల్ పటం బోర్డు మీద గీసి ఏ కాలనీకి ఎన్ని చుక్కలో రాస్తే పిల్లలు దాన్ని ఇంటికి వెళ్ళి అమ్మానాన్నలకి కూడా చెప్తారు.

ప్రతి పాఠం ఇట్లా చేయాలని మాత్రం పెట్టుకోకండి. మూలకాల సంకేతాలు, ప్రమాణాలు, ఇవి ఎవరో పెట్టుకున్న పద్ధతులు, పిల్లలు తవ్వి తీసేది అక్కడేమీ లేదు, సూటిగా చెప్పేయండి, ప్రాక్టీస్ చేయించండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళని ఏ సాయమూ లేకుండా వదిలేస్తే బుర్ర మీద భారం పెరిగి నేర్చుకోవడం తగ్గిపోతుందని 2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు గట్టిగానే వాదించారు, వాళ్ళతో ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు గానీ మీ మొదటి క్లాసులో జరిగింది మాత్రం అదే. రెండు వారాలకి ఒక కృత్యం మంచిగా చేయిస్తే చాలు. కృత్యం అయ్యాక తర్వాతి పీరియడ్‌లో మీరు తప్పకుండా వివరించాలి, పేర్లు, సూత్రం, నిర్వచనం అన్నీ అప్పుడే. కొంతమంది ట్రైనింగ్ విని టీచర్ అసలు నోరు తెరవకూడదనుకుంటారు, అది పిల్లలకి అన్యాయం.

40 నిమిషాలు ఎట్లా సరిపోతాయంటే, సామాను ముందురోజే ఒక్కో గ్రూపుకి ఒక్కో ట్రేలో సర్దిపెట్టాలి, ప్రతి గ్రూపులో ఒకరు సామానుకి, ఒకరు టైముకి, ఒకరు రాయడానికి అని పనులు పంచాలి, ప్రతిసారీ మార్చాలి, లేకపోతే రాసే పని ఎప్పుడూ ఆడపిల్లల మీదే పడుతుంది, ఊపే పని మగపిల్లలు లాక్కుంటారు, ఇది కనిపెట్టి ఉండండి. చివరి పది నిమిషాలు సామాను పక్కన పెట్టించి గ్రూపుకొకరితో ఏం వచ్చిందో చెప్పించండి. గోల కొంత ఉంటుంది. పక్క క్లాస్ మేడమ్‌కి ముందే చెప్పి ఆ పీరియడ్ గ్రౌండ్‌లోనో చెట్టు కిందనో పెట్టుకోండి, లోలకానికి కొమ్మ కూడా ఉంటుంది.

తెలియని ప్రశ్న అడిగితే "నాకు తెలీదు, ఎట్లా తెలుసుకోవచ్చో చెప్పండి" అనండి. బోర్డు మూలన ఒక గడి గీసి ఆ ప్రశ్న, అడిగినవాళ్ళ పేరు రాసి పెట్టండి, వారంలోపు దాని దగ్గరికి తిరిగి రండి, ఇది మాత్రం తప్పకూడదు, రెండుసార్లు మర్చిపోతే పిల్లలు ఇంక అడగరు.

ప్రిన్సిపాల్ గారికి చెప్పడానికి మీ చేతిలో బలమైన మాటే ఉంది. మన ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థ) పుస్తకాల్లో విద్యా ప్రమాణాలున్నాయి కదా, విషయావగాహన తర్వాత రెండోది ప్రశ్నించడం, పరికల్పన చేయడం (ఏం వస్తుందో ముందుగా ఊహించడం), మూడోది ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు. మీరు సిలబస్ బయటకి పోవట్లేదు, సిలబస్ అడిగిందే చేస్తున్నారు. ఇది కొత్త ఫ్యాషన్ కూడా కాదు, మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 స్కూళ్ళతో మొదలుపెట్టి పల్లెటూరి గవర్నమెంట్ బడుల్లో కిట్లు పెట్టి పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తూ సైన్స్ నేర్పారు, పరీక్షకి పుస్తకం తీసుకెళ్ళనిచ్చేవారు, ఎందుకంటే ప్రశ్నలు బట్టీకి దొరికేవి కావు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. మీరు మీ స్లిప్ టెస్ట్‌లో అట్లాంటి ప్రశ్న ఒక్కటి పెట్టి చూడండి, "రవి దారం పొడవు, బరువు రెండూ మార్చి టైం కొలిచాడు, అతని ప్రయోగంలో లోపమేంటి?" అని. మామూలు ప్రశ్నలతోపాటే ఆ జవాబు పేపర్లు ఒక పది ప్రిన్సిపాల్ గారికి చూపించండి, కృత్యం ఉన్న రోజు వచ్చి వెనక బెంచీలో కూర్చోమని అడగండి.

పేరెంట్స్ నోట్స్ అడుగుతారన్నారు, ఇవ్వండి, అందులో తప్పేం లేదు. కాకపోతే ఎడమ పేజీలో పిల్లలు ముందు ఏమనుకున్నారో, ఏం కొలిచారో వాళ్ళ రాతలో ఉండనివ్వండి, తప్పులుంటే ఎర్రపెన్నుతో కొట్టేయకండి, కుడి పేజీలో తర్వాతి పీరియడ్‌లో మీరు చెప్పిన నోట్స్. పరీక్షకి కుడి పేజీ చదువుకుంటారు. ఆ ఎడమ పేజీకి పనికొచ్చే కృత్యం ఇంకొకటి చెప్తాను. ఆగస్టు 3 దగ్గర హైదరాబాద్‌లో సూర్యుడు మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు, నిలువుగా పాతిన కర్రకి నీడ ఉండదు. మే 9న కూడా అంతే గానీ అప్పుడు సెలవులు. జూలై చివరి వారం నుంచి రోజూ ఆ టైముకి నీడ కొలిపించి ఆ ఎడమ పేజీలోనే రాయించండి, మబ్బు పట్టిన రోజు "మబ్బు" అని రాయించండి, నీడ ఏరోజు మాయమవుతుందో ముందుగా వాళ్ళనే చెప్పమనండి.